లాంతరు వెలుగులో వెంకటకృష్ణయ్య

గురజాల అవతల క్వారీ దారిలో వెంకటకృష్ణయ్య సమాధి ఉంది. పొద్దుగూకితే ఆ దారి మంచిది కాదనేవాళ్లు. చచ్చాక కూడా మనుషుల్ని పీడించడం మానని ఘనుడు మరి! ఎనభై నాలుగు నాటి మాట... విన్నది విన్నట్టు చెబుతున్నా.

ఆ క్వారీ ఆయనదే. సమాధికి కావాలని బతికుండగానే నల్లరాయి మీద తన బొమ్మ చెక్కించుకున్నాడు. మాచర్ల నుంచి శిల్పి సత్తార్ని పిలిపించి, ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చుని, "మొహంలో దయ కనపడాల" అని ఒకటే పోరు. లేని దయ ఎక్కణ్ణించి వస్తుంది? అయినా సత్తార్ చెక్కాడు. చల్లని నవ్వు, చల్లని చూపు. తెలియనివాళ్లు ఎవరో మహానుభావుడనుకుని దణ్ణం కూడా పెట్టారు.

ఆయన పోయిన ఏడాదికి, రాళ్లు మోసే లింగమ్మ చీకటి పడ్డాక అటుగా వస్తూ, తెగిన చెప్పు చూసుకోవడానికి సమాధి ముందు లాంతరు కింద పెట్టింది. తలెత్తితే—

నవ్వు లేదు. పై పెదవి వంకర తిప్పి, పళ్లు బిగించి... తననే చూస్తున్నాడు. క్వారీలో మందు పేలి తన మొగుడు పోయిన రోజు, శవం ముందు నిలబడి "తాగొచ్చి చచ్చాడు" అన్ననాటి మొహమే.

ఆ మాట ఊరంతా పాకింది. కూలీలు మొరాయించారు. కొడుకు శ్రీనివాసరావు మండిపడ్డాడు.

"ఏమే, మా నాయన్ని దెయ్యాన్ని చేస్తావా? రేపట్నించి పనికి రామాక."

ఆ కూలి తప్ప లింగమ్మకు ఇంకో ఆధారం లేదు. "ఒక్కసారి వచ్చి చూడు బాబూ... అబద్ధమైతే నేనే పోతా."

ఆ రాత్రే వచ్చాడు. టార్చిలైటు పైకెత్తి కొట్టాడు. తండ్రి చల్లగా నవ్వుతున్నాడు.

"ఏందే దెయ్యం?"

"అట్టా కాదు..." లాంతరు రాయి మొదట్లో పెట్టి, "టార్చి ఆపు బాబూ" అంది గుసగుసగా.

ఆపాడు.

ఒక అడుగు వెనక్కి వేసి, "అమ్మని కొట్టేముందు ఇట్టాగే చూసేవోడు" అన్నాడు. లాంతరు తీసి ఆమె చేతికిచ్చి, "రేపు పనికి రా" అన్నాడు.

సత్తార్ని అడిగితే దాచలేదు. "గాట్లు వాలుగా కొట్టా సాబ్. పైనుంచి వెలుగు పడితే ఆయన అడిగింది. కిందనుంచి పడితే నేను చూసింది."

రాయి మార్పిస్తే నలుగురూ నవ్వుతారని, సమాధి నెత్తిన కరెంటు బల్బు వేయించారు. రాత్రిళ్లు కూడా ఆయన నవ్వుతూనే ఉండాలట! కూలీల గుడిసెలకు ఒక్క బల్బు వేయించని పెద్దమనిషికి ఎంత భోగం!

మన కరెంటు సంగతి తెలిసిందే. అది పోయిన రాత్రి ఎవరూ ఆ దారిన పోరు. లింగమ్మ మాత్రం అక్కడ ఆగి, లాంతరు కింద పెట్టి, ఆ మొహాన్ని తీరిగ్గా చూసి, తుపుక్కున ఉమ్మి ఇంటికి పోతుంది.