స్టోరేజ్ చాలదు

"ఫ్లోరా వచ్చిందా?" చెవిలోని బుల్లి రిసీవర్‌లో చీఫ్ పద్మనాభయ్య గొంతు.

"మెట్లెక్కుతోంది సార్," అంది సబీనా తలెత్తకుండానే. ఇందుకూరుపేట రొయ్యల రైతుల సంఘం ఆఫీసులో వారం రోజులుగా ఆమె ట్యాబ్ నేర్పే టీచరమ్మ. అసలు ఉద్యోగం ఏమిటో ఢిల్లీకి మాత్రమే తెలుసు.

"మళ్లీ చెబుతున్నా. నాలుగు వందల గుంటలకు గాలి అందించే ఏరియేటర్లు ఆ ట్యాబ్‌లోని యాప్ మీదే తిరుగుతున్నాయి. పన్నెండింటికి విదేశీ ముఠా అప్‌డేట్ పంపుతుంది. అది ఎక్కిందా, ఏరియేటర్లు ఆగి రొయ్యలన్నీ చస్తాయి. యాప్ తీసేసినా, నెట్ ఆపినా అదే గతి. పన్నెండూ అయిదుకి మనవాళ్లు వాళ్ల సర్వర్ కట్ చేస్తారు. అంతవరకూ లాగు. నీ టీచరమ్మ కవర్ మాత్రం పోకూడదు."

మరో నాలుగు రోజుల్లో రొయ్యల పట్టుబడి. ఊరి ఆశంతా ఆ గుంటల్లోనే ఉంది.

ఫ్లోరా వచ్చింది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. జీతం సబీనా డిపార్ట్‌మెంట్‌దే, పని చేసేది ఆ ముఠాకి. ఇక్కడ మాత్రం యాప్ కంపెనీ ఇంజనీరు వేషం.

పన్నెండయింది. ఫ్లోరా అప్‌డేట్ నొక్కింది. స్టోరేజ్ చాలదంది ట్యాబ్.

సబీనా పొద్దున్నే ఇరవై భారీ గేములు డౌన్‌లోడ్ క్యూలో పెట్టేసింది మరి. ఫ్లోరా ఒకటి తీస్తే ఆ చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంటోంది.

"ఎవరు పెట్టారివి?"

"ప్రాక్టీసుకండీ," అంది సబీనా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు.

ఫ్లోరా క్యూ క్యాన్సిల్ చేసి గేములన్నీ పీకేసేసరికి పన్నెండూ మూడు. అయినా చోటు చాలలేదు. గ్యాలరీ తెరిచింది. "ఈ వీడియోలన్నీ డిలీట్ చేస్తున్నా."

పక్కనే కూర్చున్న సంఘం ప్రెసిడెంటు ఆదిశేషమ్మ ఒక్క ఉదుటున లేచి ట్యాబ్ లాక్కుంది. "మా ఆయన మాట్లాడినవి ఉండాయి ఇందులో. పోయినేడు పోయినాడు. ఆ గొంతు మళ్లీ యాడ తెచ్చిస్తావు?"

ఫ్లోరా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "ఇస్తావా లేదా?"

"ఇయ్యను. కాల్చుకో!"

"సబీనా, కదలకు!" చీఫ్ అరిచాడు. "కవర్ ముఖ్యం."

సబీనాకు ఒళ్లు మండింది. కవర్ ఇంకోటి కుట్టించుకోవచ్చు, ఈ పెద్దమ్మను ఎక్కడ తెస్తారు? రిసీవర్ పీకి బల్ల మీద పారేసి, ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి ఫ్లోరా మణికట్టు మీద వేసింది. పిస్టల్ మేత బస్తాల వెనక పడింది. ఆ గందరగోళంలోనే ఫ్లోరా ట్యాబ్ గుంజుకుని, అన్నీ డిలీట్ చేసి, అప్‌డేట్ నొక్కేసింది.

స్టోరేజ్ చాలదు.

"డిలీట్ చేసినవి ముప్పై రోజులు ట్రాష్‌లోనే ఉంటాయి," అంది సబీనా, ఫ్లోరా చెయ్యి వెనక్కి విరుస్తూ. "చోటు ఖాళీ కాదు. మా మొదటి క్లాసు పాఠమిది."

పన్నెండూ అయిదు. సర్వర్ అందుబాటులో లేదంది ట్యాబ్. బయట ఏరియేటర్లు నీళ్లు కొడుతూనే ఉన్నాయి.

సబీనా వల తాడుతో ఫ్లోరాను కుర్చీకి కట్టేసేలోపు, ఆదిశేషమ్మ ట్రాష్ తెరిచి, వీడియోలన్నీ రిస్టోర్ చేసింది. "అన్నం పెట్టవా మే?" అంది ట్యాబ్‌లో ఒక మగగొంతు. ఆమె కళ్లు తుడుచుకుంది.

బల్ల మీద రిసీవర్ ఇంకా గీపెడుతోంది. "ఆర్డర్ ధిక్కరించావు! సాయంత్రానికి సంజాయిషీ కావాలి!"

ఆదిశేషమ్మ దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది. "ఎవురయ్యా నువ్వు? ఈ బిడ్డను ఒక్క మాటన్నా, పట్టుబడినాడు నీకు ఒక్క రొయ్య పంపను."



"పంపేటప్పుడు రొయ్యల మీద ఐస్ బాగా వేయించమ్మా," అన్నాడు చీఫ్.