జహీరాబాద్ వానలో ఇటలీ పాట

మొదటి షిఫ్టు దిగిన వెస్లీ, ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు దాటేసరికి వాన దంచికొడుతోంది. గొడుగు పట్టుకుని పరుగున వచ్చి షేర్ ఆటోలో దూరాడు. లోపల ఒకే ఒక అమ్మాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్లో సంచి, చూపు సరిగ్గా వెస్లీ మొహం మీద. పెదాలు మాత్రం ఏదో గొణుగుతున్నాయి.

ఆ మాటలు వెస్లీకి అర్థం కాలేదు. తెలుగు కాదు, ఉర్దూ కాదు, కన్నడం అసలే కాదు. కానీ ఆ చూపు మాత్రం అర్థమైంది. తిట్టేవాళ్లే అలా కన్నార్పకుండా చూస్తారు. తన గొడుగు నీళ్లు ఆమె సంచి మీద కారుతున్నాయని అప్పుడు గమనించాడు.

"సారీ అండి. గింతదానికే గంతగనం తిట్టాల్నా?"

ఆమె ఒక ఇయర్‌ఫోన్ తీసింది. "ఏంది?"

"తిట్టిన్రు గదా!"

"మిమ్మల్నా? నేను పాట పాడుకుంటున్న."

"గిదేం పాట?"

"ఇటలీ పాట."

"జహీరాబాద్ ఆటోల ఇటలీ పాటనా?"

"పాటకు గూడ పాస్‌పోర్టు కావాల్నా?"

ముందు సీట్లో డ్రైవర్ నర్సింలు కిసుక్కున నవ్వాడు. ఆమె సంచి వైపు చూసుకుంది. "ఈ నీళ్లు మీ గొడుగువేనా? అయితే ఇప్పుడు తిడ్త. తెలుగులనే తిడ్త, ఫికర్ చెయ్యకున్రి."

కానీ తిట్టలేదు. చర్చి సందు రాగానే దిగి, సంచి నెత్తి మీద పెట్టుకుని వానలోకి పరుగెత్తింది. ఆమె పోయినా ఆ రాగం మాత్రం ఆటోలోంచి దిగలేదు. ఇంటిదాకా వెస్లీతోనే వచ్చింది.

*

ఆదివారం ఆరాధన కాగానే వాళ్లమ్మ నాగరాణి కొత్త షర్టు చేతికిచ్చింది.

"యాకోబన్న బిడ్డ స్వప్నను చూద్దాం పా. లండన్ల నర్సు. సెలవు మీద వచ్చింది."

"అమ్మా, రేపు నన్ను లండన్ అల్లుడంటరు. నా పేరు గూడ మర్చిపోతరు."

"పేరు నేను యాది జేస్త తియ్. నడువ్."

యాకోబు చర్చి పెద్ద. చర్చిలో పాడేది తప్ప మిగతా పాటంతా గొంతుకు దండగ అనే మనిషి. ఆయన ఎదుట బుద్ధిగా కూర్చుని, వద్దని ఎలా చెప్పాలా అని వెస్లీ మాటలు కూడబలుక్కుంటున్నాడు. లోపల్నుంచి ఆ పిల్ల వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఇయ్యాల గొడుగు తేలేదా?" అంది.

కూడబలుక్కున్న మాటలన్నీ చెల్లాచెదురైపోయాయి.

పెద్దలు మాట్లాడుకొమ్మని ఇద్దర్నీ మిద్దె మీదికి పంపారు. పైకి రాగానే స్వప్న చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఒక సాయం చేస్తరా? నేను నచ్చలేదని చెప్పున్రి."

"ఎందుకు?"

"మా వార్డుల లూచియా అని ఇటలీ అవ్వ ఉండె. తుంటి ఇరిగి మంచంల పడ్డది. పొద్దంత పాడేది, నేను గూడ కలిపి పాడేదాన్ని. లేచి తిరిగినంక నన్ను వాళ్ల ఇటలీ సంఘానికి తీస్కపోయింది. ఒక ఆదివారం బొమ్మల ఎగ్జిబిషన్, ఒక ఆదివారం పాటలు. సెప్టెంబర్ల లండన్‌లనే పెద్ద ఉత్సవం చేస్తరు. అండ్ల ఒక పాట నేనొక్కదాన్నే పాడాలె. ప్రేమ పాట."

"మీ నాయినకు తెల్వదా?"

"తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా? సంబంధం కుదిరితే సెప్టెంబర్లనే పెండ్లంటడు. పాటా పోయె, నేనూ పోతి."

గాలికి చెదిరిన జుట్టు వెనక్కి నెట్టుకుంటూ ఆమె జవాబు కోసం చూస్తోంది. నచ్చలేదని చెప్పడం ఎంత కష్టమో వెస్లీకి అప్పుడే తెలిసింది.

"అబద్ధం చెప్పుడు నాతోని కాదు" అనేశాడు. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... ఆలోచించుకుంట అని చెప్త. మీరు పోయేదాంక ఆలోచిస్తనే ఉంట."

స్వప్న నవ్వు ఆపుకుంది. "చర్చిల కీబోర్డు వాయించేది మీరే గదా? ఆలోచించుకుంట జర నా పాటకు గూడ వాయిస్తరా?"

*

అలా మొదలైంది. షిఫ్టు దిగగానే వెస్లీ చర్చికి వచ్చేవాడు. చర్చి ఊడ్చే చెన్నమ్మ చీపురు పక్కన పెట్టి గుమ్మంలో కూర్చునేది. "క్రిస్మస్ పాటలా బిడ్డా?" అంటే, "అట్లాంటివే అవ్వా" అనేది స్వప్న.

పాటకూ పాటకూ మధ్య లండన్ కబుర్లు. ఉత్సవం జరిగే హాలు పైకప్పు నిండా ఇటలీ చిత్రకారులు దేవదూతలను వేశారట. ఒక దూత చెంప మీద రంగు పెచ్చులూడిందట. డ్యూటీ దిగి, యూనిఫాం మీదే కోటు తొడుక్కుని వెళ్లి, మెడ నొప్పి పుట్టేదాకా ఆ దూతనే చూస్తూ కూర్చునేదట స్వప్న. ఎండాకాలంలో ఇటలీ వాళ్ల వీధి పండుగ వస్తే ఆ సందంతా నిమ్మకాయల వాసన, అకార్డియన్ మోత, కాఫీ ఎలా కాచాలో కొట్లాడుకునే ముసలాళ్లు.

"ఊరు ఇడిచిన కొత్తల రోజూ ఏడ్చేదాన్ని. ఆ బొమ్మల కిందికి పోతే మాత్రం ఏడుపు రాకపోతుండె" అంది ఒకరోజు.

మర్నాడు ఫ్యాక్టరీలో ఇంజన్లు వరసగా కదిలి వస్తుంటే వెస్లీ కళ్ల ముందు పెచ్చులూడిన దేవదూత కదలాడింది. కింద మెడ పైకెత్తి ఒంటరిగా కూర్చున్న అమ్మాయి. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీలోకి వెళ్లి కూర్చోవాలనిపించింది. పక్కవాడు భుజం తట్టేదాకా బోల్టు చేతిలోనే ఉండిపోయింది.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియలేదు.

ఒక సాయంత్రం వెస్లీ చర్చి మెట్లు ఎక్కుతుంటే లోపల ఆమె ఫోన్లో గట్టిగా, ముద్దుగా మాట్లాడుతోంది. ఇటలీ భాష. మధ్యలో "కారో మార్కో" అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. 'కారో' అంటే ప్రియమైన అని ఆమే నేర్పింది మొన్న.

వెస్లీ ఎక్కిన మెట్లు దిగి వెనక్కి వచ్చేశాడు. రెండు రోజులు చర్చి వైపు వెళ్లలేదు. మూడో రోజు నాగరాణి, "ఇంకెన్నడు చెప్తవురా, అవునా కాదా?" అని నిలదీస్తే తలుపు వైపు తిరిగి అన్నాడు: "వద్దని చెప్పమ్మా."

*

మర్నాడు షిఫ్టు దిగి వస్తే ఫ్యాక్టరీ గేటు పక్కన స్వప్న నిలబడి ఉంది. సన్నగా వాన. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను నచ్చలేదని చెప్పినవంట."

"నువ్వే అడిగినవ్ గదా."

"అప్పుడు అడిగిన. ఇప్పుడు అడిగిన్నా?"

"మార్కో ఉన్నంక ఇప్పుడైతేంది, అప్పుడైతేంది?"

"మార్కోనా?" ఆమె నోరు తెరిచింది. "మా పాటల మాస్టర్! డెబ్బై దాటినయ్. చెవుల మిషన్ పెట్టుకుంటడు. అరిచి మాట్లాడకపోతే ఇనబడదు."

"కారో అంటివి?"

"ఏం, లెటర్ల ప్రియమైన సార్‌కు అని నువ్వెన్నడు రాయలేదా? సార్ను ప్రేమించినవా?"

పక్కనే అల్లం మూటల లారీ ఆగి హారన్ కొడుతోంది. వెస్లీకి తప్పుకోవాలని కూడా తోచలేదు.

"నాయినకు నిన్నట్నుంచి అన్నం పోతలేదు. నా బిడ్డల ఏం తక్కువైందని ఒక్కటే బాధ. ఇగ దాచుడు నాతోని కాదు. ఇయ్యాల చర్చిల ఆయన ముందల్నే పాడ్త. నువ్వు రాకు."

రావొద్దంది కాబట్టే వెళ్లాడు.

చర్చిలో మొదటి బెంచీ మీద యాకోబు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. స్వప్న అంతా చెప్పేసినట్టుంది. ఆయన మొహం నల్లబడి ఉంది. ఆమె కళ్లు మూసుకుని పాట అందుకుంది. మొదటి చరణంలోనే గొంతు వణికింది, రెండో చరణం దగ్గర ఆగిపోయింది.

వెస్లీ చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా వెళ్లి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆమె వదిలేసిన చోట స్వరం అందించాడు. స్వప్న కళ్లు తెరవలేదు, గొంతు మాత్రం దారిన పడింది. బయట వాన రేకుల మీద పడుతున్న చప్పుడు కూడా మెల్లగా వెనక్కి పోయింది.

పాట అయిపోయాక యాకోబు తల ఎత్తాడు. ఆయన గడ్డం కింద తడి మెరిసింది.

"ఏమన్నవమ్మా అండ్ల?"

"వాన పడుతుంది, నా తలుపు తీసే ఉన్నది, ఎప్పుడొస్తవ్ అని."

"ఎవలనడుగుతున్నవ్?"

స్వప్న తల దించుకుంది. కీబోర్డు ముందు నుంచి వెస్లీ లేచి నిలబడ్డాడు.

"నన్నే, మామా" అన్నాడు.

నిన్నటిదాకా అంకుల్ అని పిలిచినవాడు. యాకోబు అతన్ని ఎగాదిగా చూశాడు.

"వద్దంటివి గదరా!"

"తప్పయింది."

"మరి ఈ లండన్ పాట?"

"పాడాలె మామా. పెండ్లి ఆగుతది. పాట ఆగొద్దు."

యాకోబు లేచాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు, కాసేపాగి రెండో చెయ్యి వెస్లీ తల మీద. ప్రార్థనలో ఏనాడూ మాటలు వెతుక్కోని మనిషి, ఆ రోజు "ప్రభువా" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. గుమ్మంలోంచి చెన్నమ్మ "ఆమెన్" అని పూర్తి చేసింది.

*

సెప్టెంబర్లో ఒక ఆదివారం సాయంత్రం చర్చిలో టీవీ పెట్టారు. తెర మీద లైవ్‌లో లండన్ హాలు, పైకప్పు నిండా దేవదూతలు, వాళ్ల కింద తెల్లచీరలో స్వప్న. ముందు వరుసలో చేతికర్ర పట్టుకుని లూచియా అవ్వ. పాట ముగియగానే అక్కడ జనమంతా లేచి నిలబడ్డారు. ఇక్కడ చర్చిలో చప్పట్లు కొట్టొచ్చో లేదో తెలియక అందరూ యాకోబు వైపు చూశారు. అందరికంటే ముందు ఆయనే కొట్టాడు.

కాసేపటికి వెస్లీ ఫోన్ మోగింది. బయటి మెట్ల మీదికి పరుగెత్తాడు.

"విన్నవా? ఎట్లుంది?"

"ఒక్క కాడ తాళం తప్పినవ్."

"ఝూట్!"

"నిజమే. పక్కకు నేను లేను గదా."

అవతల ఎవరో ఆమెను పిలుస్తున్నారు, జనం సందడి, నవ్వులు. ఆమె మాత్రం అక్కడ్నుంచి కదిలినట్టు లేదు.

"క్రిస్మస్‌కు వస్త. పెండ్లి చేస్కుందం. ఎక్కడుండాలన్నది అటెన్క కూసొని కొట్లాడుకుందం. సరేనా?"

"సరే."

"గంతేనా? ఇంకేమనవా?"

వెస్లీ చుట్టూ చూశాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

"కారా స్వప్న" అన్నాడు.

ఆడవాళ్లనైతే 'కారా' అనాలని అతనికి ఆమె నేర్పలేదు. తనే వెతికి నేర్చుకున్నాడు.