మస్టర్ కిటికీ

నల్లా వచ్చి పోయింది. సాయవ్వ బిందెలు నింపుకుంది, బోళ్లు తోముకుంది, పొయ్యి మీద పప్పు పెట్టి కోడలి గదివైపు చూసింది. మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళయింది. ఈపాటికి ఆరాధన జడ వేసుకుని గడప దాటాలి. ఆమె మాత్రం రాత్రి కట్టిన చీరతోనే మంచం అంచున కూర్చుని ఉంది.

“ఏమైందే? పానం మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్న అత్తమ్మా.”

“మరి లేవకపోతివి? సైరన్ అయితది.”

“ఇగ నేను డ్యూటీకి పోను. రాజీనామా ఇచ్చిన. నిన్న ఒప్పుకున్నరు.”

సాయవ్వకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పప్పు గరిటె చేతిలో ఉండగానే గోడకు చేరగిలబడింది. లోపలి గదిలో ఆమె భర్త జేమ్స్ దగ్గు ఒక్కసారిగా ఆగిపోయింది.

“మరెట్ల బతుకుదం?”

“లక్సెట్టిపేట అవతల ఓ ఊర్ల పోస్టు పని వచ్చింది. ఇంటింటికి తిరిగి ఉత్తరాలు ఇచ్చే పని. వచ్చే సోమవారం చేరాలె.”

సాయవ్వ ఒక్కగానొక్క కొడుకు ప్రేమ్‌చంద్ గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. అతని బదులు ఇచ్చిన ఉద్యోగమే ఆరాధనది. బొగ్గులోకి దిగే పని కాదు. కుర్చీలో కూర్చుని చేసే పని. గనిలోకి దిగే ముందు కార్మికులంతా ఒక కిటికీ దగ్గర ఆగి హాజరు వేయించుకుంటారు. దాన్ని అందరూ మస్టర్ అంటారు. ఆ కిటికీ లోపల ఆరాధన కూర్చుంటుంది. పెన్షనొచ్చే ఉద్యోగం, నెత్తిమీద ఫ్యాను, ఉండడానికి కాలనీ క్వార్టరు. బెల్లంపల్లిలో గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, అలాంటి కుర్చీ కోసం చదువుకున్న పిల్లలు ఏళ్ల తరబడి తిరుగుతున్నారు.

కబురు అందుకున్న కూతురు మంజుల పెద్దపల్లి నుంచి మధ్యాహ్నం రైలుకే దిగింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

“ఏంది వదినె నువ్ చేసిన పని? అవ్వకు చెప్పలే, బాపుకు చెప్పలే. నీ ఒక్కదాని నౌకరా అది?”

ఆరాధన ఆమె చేతిలోని సంచి అందుకోబోయింది.

“అన్న పోయినప్పుడు ఆ నౌకరి మా ఇంటాయనకు ఇప్పియ్యమని నేను బాపు కాళ్లు పట్టుకున్న. నా కోడలికే రావాలె, అది మమ్ముల సాదుతది అన్నడు బాపు. ఇదేనా సాదుడు? రేపు క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. ఈ ఇద్దరు ముసలోళ్లు ఏడ పడాలె?”

“నాతోని వస్తమంటే తీస్కపోత.”

“యాడికి? ఊరూరు తిరిగే నీ యెంబడా? నిజం చెప్పు. ఎవన్నన్న చూసుకున్నవా? మళ్ల పెండ్లి చేస్కుంటవా?”

“మంజులా!” అంది ఆరాధన. 

సాయవ్వ అప్పుడు లేచి వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

“అది నౌకరి కాదే. నా కొడుకు పానం. వాని పానం ఇచ్చి తీసుకున్న కుర్సీ. దాని మీద నువ్వు కూసున్నన్ని దినాలు వాడు ఇంట్లున్నట్టే అనుకున్న. ఇయ్యాల వాన్ని నీ చేతులతోని సంపినవ్.”

ఆ మాటకు ఆరాధన రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చెప్పడానికి ఆమె దగ్గర కారణం ఉంది. నాలుక చివర దాకా వచ్చింది. చేతులు తీసి అత్త ముఖం చూసి మింగేసింది.

“నాతోని కాదు అత్తమ్మా. అంతే” అంది.

జేమ్స్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. “పోనియ్యిండ్రి దాన్ని” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ అన్నం తినలేదు.

కారణం ఇది. కిందటి వానాకాలంలో ఓంప్రకాశ్ అనే కార్మికుడు ఆరాధన దగ్గర హాజరు వేయించుకుని నవ్వుకుంటూ గనిలోకి దిగాడు. మధ్యాహ్నానికి లోపలి నుంచి ఫోను వచ్చింది. పైకప్పు కూలింది, మనిషి అక్కడికక్కడే పోయాడు. శవం పైకి వచ్చేదాకా, పెద్ద ఆఫీసర్లు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. జనం పోగైతే గొడవవుతుందన్నారు. కాసేపటికి అతని భార్య నవత పరుగెత్తుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. “అక్కా, ఏదో అయిందంటుండ్రు. మా ఆయన పైకొచ్చిండా?” అని అడిగింది. ఆరాధన తల ఎత్తకుండా అంది. “ఇంకా రాలే. కూసో.”

అన్నాక, ఆ మాట తను ఎక్కడ విన్నదో గుర్తొచ్చింది. ప్రేమ్‌చంద్ పోయిన రోజు తనూ సాయవ్వా అదే కిటికీ ముందు నిలబడ్డారు. లోపలి గుమస్తా తల ఎత్తకుండా ఆ మాటే అన్నాడు. ఇంకా రాలేదు, కూర్చోండి. పొద్దు గూకేదాకా ఇద్దరూ గోడ నీడన మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశారు. ఆ గుమస్తాకు అప్పటికే తెలుసని ఆరాధనకు ఆ రోజు దాకా తట్టలేదు. నవత గోడ నీడన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఎదురుచూస్తుంటే, కిటికీలోంచి చూస్తూ తెలుసుకుంది.

ఇది సాయవ్వకు ఎలా చెప్పాలి? ప్రతి ఏడూ కొడుకు పోయిన తేదీ తర్వాత వచ్చే ఆదివారం ఆమె చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతుంది. “నేను ప్రార్థన చేసినంతసేపు నా బిడ్డ బతికే ఉన్నడు. ప్రభువు వాన్ని అంతసేపు నా కోసమే ఆపిండు. అవ్వ ప్రార్థనల ఉండంగనే వాడు నిమ్మళంగ పోయిండు” అంటుంది. ఆ ఒక్క నమ్మకం పట్టుకుని ఆమె రాత్రుళ్లు నిద్రపోతోంది.

క్వార్టరు ఖాళీ చేశారు. బీరువా, మంచాలు ఆటోలో పెద్దపల్లికి వెళ్లాయి. సాయవ్వ కోడలితో ఒక్క మాట మాట్లాడకుండా కూతురి వెంట రైలెక్కింది. జేమ్స్ మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆరాధన తల మీద ఆనించాడు. రైలు కదిలేదాకా తియ్యలేదు.

కొత్త పని ఆరాధనకు సుఖమేమీ ఇవ్వలేదు. పాత స్కూటీ మీద సంచి వేసుకుని పొలాల గట్ల వెంట, మట్టి బాటల వెంట తిరగాలి. కుక్కలు వెంటపడేవి. ఉత్తరాలు రాసేవాళ్లు లేరు. బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు, కోర్టు కాగితాలు. నెలకోసారి ముసలివాళ్ల వేలిముద్ర తీసుకుని పింఛను ఇవ్వాలి. సాయంత్రం అద్దె గదికి వచ్చి ఒక్కతే వండుకుని, సగం తిని, సగం పారబోసేది. అత్తకు ఫోను చేస్తే ఎత్తేది కాదు. జేమ్స్ ఎత్తితే మాటల కన్నా దగ్గే ఎక్కువ వినిపించేది. క్రిస్మస్‌కు రమ్మని పెద్దపల్లి నుంచి ఎవరూ పిలవలేదు. ఆ రోజు తలుపు వేసుకుని పడుకుంది. కుర్చీ వదిలి తప్పు చేశానా అని చాలాసార్లు అనుకుంది. అయినా ఆ కిటికీ వెనక మళ్లీ కూర్చోలేనని ఆమెకు తెలుసు.

ఎండలు ముదిరాక ఒకరోజు సాయవ్వ బస్సు దిగింది. బాగా చిక్కిపోయింది. పోస్టాఫీసు ముందు సంచి సర్దుకుంటున్న కోడలిని చూసి దూరంగా ఆగింది.

“మీ మామ పోయి సూసి రమ్మన్నడు. రోజు పోరు పెడుతుండు. అందుకే వచ్చిన” అంది, తనంతట తాను రాలేదని తెలిసేలా.

“గదిల కూసో అత్తమ్మా, తిరిగొస్త.”

“వద్దు. నువ్వేం రాజ్యం ఏలుతున్నవో నేను గూడ సూస్త” అంటూ స్కూటీ వెనక ఎక్కింది.

ఊరి చివర ఐలవ్వ అనే ముసలామె వాకిట్లోకి ఎదురొచ్చింది. “బిడ్డా, నా పింఛన్ వచ్చిందా?” అని చెయ్యి చాచింది.

ఆరాధన స్కూటీ దిగి ఆ చెయ్యి పట్టుకుంది. “రాలే అవ్వా. ఇగ రాదు గూడ. నీ దరఖాస్తు కొట్టేసిండ్రు. రేపు మండలాఫీసుకు పోయి మళ్ల పెట్టుకోవాలె. ఎదురుసూసుకుంట కూసోకు.”

ఐలవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆరాధన పక్కన కూర్చుని, ఏమేం తీసుకెళ్లాలో రెండుసార్లు చెప్పి, నీళ్లు తాగించి బయల్దేరింది. పొలాల మధ్య కల్వర్టు దాకా వచ్చాక సాయవ్వ ఇక ఆపుకోలేకపోయింది.

“ఎంత రాతి గుండెనే నీది! ఇంకా రాలే, వస్తది అంటే నీ సొమ్మేం పోయింది? ముసల్ది నాలుగు దినాలు ఆశతోని బతుకుతుండె.”

ఆరాధన బండి ఆపింది. “ఆ మాట నేను ఇగ ఎవ్వలితోని అనను అత్తమ్మా.”

“ఏ మాట?”

“ఇంకా రాలే అన్న మాట. నవతతోని అన్న. ఓంప్రకాశ్ పోయిండని ఫోన్ల చెప్పినంక అన్న. పొద్దూకేదాక కూసుండబెట్టిన. అందుకే ఇడిసిపెట్టి వచ్చిన.”

సాయవ్వ కోడలి వైపు అలాగే చూసింది.  గాలికి ఎండుగడ్డి బాట మీద దొర్లుతోంది. ఆమె మెల్లగా బండి దిగి కోడలి ముందుకొచ్చింది.

“నీకు ఎరుక ఉండి గూడ అట్లన్నవా?”

“ఎరుకే.”

“అయితే ఆ దినం… మనకు చెప్పినాయనకు?”

ఆరాధన నేల చూపులు చూసింది.

“చెప్పవే! మనం గోడకాడ కూసున్నప్పుడు నా కొడుకు…”

“అప్పటికే పోయిండు అత్తమ్మా.”

సాయవ్వ కల్వర్టు మీద కూర్చుండిపోయింది. “మరి నేను ఎవని కోసం ప్రార్థన చేసిన?” అని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు. ఆరాధన బండి నిలబెట్టి దగ్గరికి వచ్చింది. ముసలామె ఒక్కసారి లేచి రెండు పిడికిళ్లతో కోడలి భుజాల మీద కొట్టింది. మళ్లీ మళ్లీ కొట్టింది. కొట్టి కొట్టి ఆ పిడికిళ్లతోనే ఆమె చీర పట్టుకుని గుండెకు తల ఆనించి ఏడ్చింది. కొడుకును మట్టిలో పెట్టిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

“మంజుల నిన్ను గన్ని మాటలన్నది. నేనన్న. అప్పుడన్న నోరు తెరవకపోతివి బిడ్డా.”

“ఎట్ల చెప్పాలె అవ్వా? నీకు మిగిలింది గా నమ్మకమొక్కటేనాయె.”

అత్తను కన్నతల్లిలా ‘అవ్వా’ అనడం ఆమెకు అదే మొదటిసారి.

“ఆ కిటికీ కాడికి నిన్ను రోజు నేనే తోలిన” అంది సాయవ్వ వెక్కుతూ. “ఇంటికొచ్చినవా లేదా అని సూసిన గాని, ఆడ ఏమైతుందని ఒక్కనాడు అడగకపోతి.”

ఎండ వాలేదాకా ఇద్దరూ కల్వర్టు మీద ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత సాయవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“మీ మామకు ఎరుకేనా?”

“గనిల పనిచేసిన మనిషి. ఆ కిటికీకాడ ఏమంటరో ఎరుక లేకుంటదా? అందుకే నేను నౌకరి ఇడిసిన దినం నన్ను పోనియ్యమన్నడు.”

సాయవ్వ ఆ మాట విని కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ చర్చిలో తను సాక్ష్యం చెబుతుంటే పక్కన తల వంచుకుని నిలబడే భర్త గుర్తొచ్చాడు. ఒక్కసారైనా ఆయన ఆమెన్ అనలేదు. ఒక్కసారైనా కాదనలేదు.

“నాకు తెల్సిందని మీ మామకు చెప్పకు” అంది. “నిజం చెప్పక నన్ను కాపాడిన అనుకుంటుండు. ఆయనకు గూడ గా నమ్మకమొక్కటే మిగిలింది.”