రెండుసార్లు అంటే కాదని

కోర్టులో టైపిస్టుకి చెవులుండాలి, వేళ్ళుండాలి, నోరు మాత్రం ఉండకూడదు. పందొమ్మిదేళ్ళుగా నేను అలాగే నెట్టుకొచ్చాను. నా కుడికాలు చిన్నప్పుడే చచ్చుబడింది కాబట్టి, కూర్చుని చేసే ఉద్యోగమిచ్చి పుణ్యం కట్టుకున్నామని ఆఫీసులో అందరూ అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్ళాను. సోమవారం చదవాల్సిన తీర్పు టైపు చెయ్యాలి. పన్నెండేళ్ళ కూతురి మొహం మీద దిండు అదిమి చంపిన తండ్రి కేసు అది. ఆ పిల్లకి పుట్టుకతోనే కాళ్ళు స్వాధీనంలో లేవు, మాట లేదు. "దాని బాధ చూడలేకపోయానండీ. చక్రాల కుర్చీలో నిద్రపోతుండగానే పంపించేశాను. దానికేం తెలీదు" అన్నాడు తండ్రి బోనులో నిలబడి. హాలంతా కళ్ళు తుడుచుకుంది. పోయినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు గానీ, ఈ కేసులో చంపినవాడి కళ్ళే చారెడయ్యాయి. జడ్జిగారు కూడా కరిగిపోయి, అది హత్య కిందికి రాదని, జైలు లేకుండా మంచి నడవడిక పూచీ మీద వదిలేస్తున్నట్టు నాకు తీర్పు చెప్పి రాయించారు.

పిల్ల గురించి మాట్లాడింది ఒక్క ఆయా. బడిలో ఆ పిల్లకి తినిపించే మనిషి. "మాట లేకపోతేనేం సార్, చెంచాతో చెప్పేది. కుర్చీకున్న పలక మీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. మహా పెంకిది. నచ్చంది పెడితే వీధి చివరికి వినబడేలా కొట్టేది" అంది. తండ్రి తరఫు లాయరు లేచి, దీనికీ కేసుకీ సంబంధం లేదన్నాడు. "ఆ ముక్కలు తీసెయ్యమ్మా" అన్నారు జడ్జిగారు. తీసేశాను. కానీ నా షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో తీసేసిన మాట కూడా గీత కింద బతికే ఉంటుంది.

నా గదికీ, కేసుల సామాన్లు దాచే గదికీ మధ్య పల్చటి చెక్క గోడ. అటుపక్క ఆ పిల్ల చక్రాల కుర్చీ ఉంది. చెంచా సంచీలో పెట్టి సీలు వేశారు. గది తలుపుకి తాళం, తాళం మీద లక్క ముద్ర.

బయట మబ్బు పట్టింది. గది మసకబారింది. పాత కాగితాల ముక్కిన వాసనలోకి పిల్లలకి వాడే సబ్బు వాసన ఎక్కణ్ణుంచో మెల్లగా వచ్చి చేరింది. నేను పట్టించుకోలేదు.

'మృతురాలికి జీవితం భారమై ఉన్నదని...' టైపు చేశాను.

టక్. టక్.

ఎలకేమోలే అనుకున్నాను.

'చుట్టూ ఏమి జరుగుతున్నదో ఆమెకు తెలియదని...'

టక్. టక్.

కావాలనే మొదటి పేజీకి వెళ్ళి, "మృతురాలి వయసు పన్నెండు సంవత్సరాలు" అని పైకి చదివాను.

టక్.

ఒక్కటే...

పరుగెత్తే కాలుంటే పారిపోయేదాన్నే. లేదు కాబట్టి కూర్చున్నాను.

"ఆ సమయంలో మృతురాలు నిద్రలో ఉన్నదని..." గుసగుసగా చదివాను.

టక్ టక్. టక్ టక్. టక్ టక్. గోడ అదిరింది. బల్ల మీద పెన్ను దొర్లి కింద పడింది.

"మెలకువగా ఉన్నావా తల్లీ?"

టక్.

"వద్దని కొట్టావా?"

టక్.

"నాన్నకి... వినబడిందా?"

తర్వాత, మెల్లగా... టక్.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నా చిన్నప్పుడు మా మేనత్త నా ముందే మా అమ్మతో, "దీన్ని దేవుడు తీసుకుపోతే నీకు సుఖమే వదినా" అంది. అమ్మ ఆవిడ చెప్పులు తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టి, వెళ్ళిరమ్మంది. ఈ పిల్లకి అలాంటి మనిషి ఇంట్లో లేకపోయింది. అంతే తేడా.

భయం ఎటు పోయిందో గానీ, ఆయా చెప్పిన ముక్కలన్నీ వెతికి తీర్పు మూడో పేజీలో చేర్చాను. మర్నాడు హాల్లోకి తేవాల్సిన సామాన్ల జాబితాలో కుర్చీ, చెంచా రాశాను.

పొద్దున అటెండరు విసుక్కున్నాడు. "తీర్పు రోజు సామాన్లెందుకు అమ్మాయ్?"

"జాబితాలో ఉంది బాబాయ్."

"ఎవరు రాశారు?"

"నేనే."

నా మొహం చూసి కుర్చీ తోసుకొచ్చాడు. సీలు చెదరని సంచీని కుర్చీ పలక మీద పెట్టాడు.

జడ్జిగారు చదువుతున్నారు. "ఆ సమయంలో మృతురాలు నిద్రలో ఉన్నదని..."

టక్. టక్.

సంచీ కదల్లేదు. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. బోనులో తండ్రి మాత్రం తల కూడా ఎత్తకుండా, రోజూ ఇంట్లో అనే మాటలాగా అనేశాడు.

"వింటున్నాలే తల్లీ... కొట్టకు."

అని, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "ఏం విన్నావు?" అన్నారు. తండ్రి అప్పుడు తల ఎత్తి, కుర్చీ పలక మీది సంచీ వైపు చూశాడు. జడ్జిగారు సంతకం పెట్టకుండానే పెన్ను మూసి, నా వైపు తిరిగారు. "ఆయా చెప్పింది మళ్ళీ చేర్చమ్మా."

"నిన్ననే చేర్చాను సార్. మూడో పేజీ."

ఆయన నన్ను చూశారు. నేనూ చూశాను.

కేసు మళ్ళీ మొదటి నుంచి నడిచింది. ఆర్నెల్లకి తండ్రికి యావజ్జీవం పడింది. ఆ తీర్పూ నేనే టైపు చేశాను. ఒక్క వాక్యానికి కూడా గోడ అవతల చప్పుడు లేదు.

చివరి కాగితం అయ్యాక గోడకి దగ్గరగా జరిగి అడిగాను. "ఇక వెళ్తావా తల్లీ?"

టక్. టక్.

పెంకిది, ఆయా చెప్పినట్టే. నవ్వొచ్చింది.

అప్పుడు నా వెనక నుంచి ఇంకొకటి... టక్. టక్. నా వెనకున్నది పాత బీరువా. ఇలాగే పిల్లల్ని చంపినా దయ చూపించి వదిలేసిన తల్లిదండ్రుల కేసులు, ముప్పై ఏళ్ళవి, కట్టలు కట్టి ఉన్నాయి. కింది అరలోంచి ఒకటి. పై అరలోంచి ఇంకోటి. తర్వాత లెక్కపెట్టలేకపోయాను.

కొత్త షార్ట్‌హ్యాండ్ పుస్తకం తెరిచాను. "ఒక్కొక్కళ్ళే చెప్పండి" అన్నాను.

ఆ బీరువాలో కాగితాలు తప్ప చెంచాలు లేవు.