పక్క సీటులో సాక్షి

బందరు రోడ్డు నిండా బండ్లు కదులుతున్నాయి. ఒక్క హారన్ కూడా మోగడం లేదు. పాలవ్యాను ఒకటి సైగ ఇవ్వకుండా అడ్డం వచ్చింది. భ్రమరాంబ బ్రేకు నొక్కి, వ్యాను పక్కకు చేరాక అద్దం దించింది.

"కళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చారాండీ" అంది, టైము ఎంతయిందని అడిగినంత మామూలుగా.

"మీవి ఉన్నాయి గదండీ, సర్దుకుంటాంలే" అన్నాడు వ్యాను డ్రైవరు. అతని గొంతు కూడా పెరగలేదు.

ఇద్దరి స్టీరింగుల మీదా పచ్చదీపం అలాగే వెలుగుతోంది.

శమనపట్టీ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. స్టీరింగు చుట్టూ తొడిగే వేలెడు వెడల్పు పట్టీ అది. అరచేతి చెమట, నాడి వేగం, వేళ్ళ బిగువు చూసి మనిషికి కోపం వచ్చిందో లేదో తేలుస్తుంది. కోపం మొదలైతే దీపం పసుపవుతుంది. ముదిరితే ఎర్రబడుతుంది, ఆ క్షణం నుంచి ఇంజను బలం సగానికి పడిపోతుంది. ఏడాది పొడుగునా పట్టీ రాసుకున్న లెక్కను శమనాంకం అంటారు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళూ పిల్లనిచ్చేవాళ్ళూ ముందు అదే అడుగుతారు. రోడ్డు మీద చావులు తగ్గిన మాట నిజం. జనం మాత్రం తిట్టుకోవడం మానలేదు. నాడి కదలకుండా తిట్టడం నేర్చుకున్నారు, నాడి కదలకుండా తిట్లు పడడం కూడా.

"బ్రేకు ఆలస్యంగా వేశావు" అంది పక్క సీటులో ఉన్న హైమవతి. ఆమె భ్రమరాంబకు వదిన, చనిపోయిన అన్న త్రినాథ్ భార్య. "ఎల్లుండి మైదానంలో కూడా ఇట్టాగే వెయ్యి. నా పని తేలికవుద్ది."

"మీకు తేలికైన పనులే అలవాటు కదా, వదినా."

దీపం పచ్చగానే ఉంది.

వాళ్ళు కూర్చున్నది త్రినాథ్ పందేలు గెలిచిన బండిలో. రెండు తలుపుల ఎర్ర టర్బో కారు, పట్టీల కాలానికి ముందు తయారైంది, పట్టీ తర్వాత తొడిగారు. ఇప్పటి కార్లకు బానెట్ తెరుచుకోదు, ఏది పాడైనా కంపెనీ వాళ్ళే రావాలి. ఇలాంటి పాతబండ్లను మాత్రమే మనిషి తన చేతులతో విప్పి బిగించవచ్చు. అందుకని వాటికి కట్టుదిట్టమైన చట్టం ఉంది. ఒక బండికి ఒకే పేరు. యజమాని పోతే ఏడాదిలోగా పేరు మారాలి, మారకపోతే బండి తుక్కు యంత్రంలోకి పోతుంది. త్రినాథ్ కామెర్లతో పోయి పదకొండు నెలలు దాటింది.

బండి తన పేరు మీదికి రావాలని భ్రమరాంబ పట్టు. పద్నాలుగో ఏట నుంచి అన్న పక్కన కూర్చుని ఆ ఇంజనును విప్పింది తను. బండి పోతే ఆటోనగర్ షెడ్డులో ఆమెకు పానాలు అందించే పని తప్ప ఇంకేమీ మిగలదు. హైమవతికి నూజివీడులో పుట్టిల్లుంది. మొగుడు వదిలి వెళ్ళింది ఆ బండి ఒక్కటే, దాన్ని తీసుకుని వెళ్ళిపోతానంటుంది. షెడ్ల సంఘం పెద్ద పరదేశయ్య ఇద్దరి మాటా విని తీర్పు చెప్పాడు. బండిని ఇద్దరూ కలిసి సిద్ధం చేయాలి. అది రోడ్డుకు తగిందని తేల్చే వీధి తనిఖీలో నెగ్గాలి. ఆ తర్వాత శంకుపరుగులో ఎవరిది తక్కువ సమయమైతే బండి వాళ్ళది.

మూడు నెలలు ఇద్దరూ కలిసే పని చేశారు. షెడ్డు షట్టరుకు రెండు తాళాలు, ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గర. ఒకరు లేకుండా రెండోవాళ్ళు నట్టు కూడా ముట్టలేరు. టర్బో ఊదే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పాతది చిన్నదని తీసేసి, దానికి రెండింతలది ముందు బంపరు వెనక ఇరికించారు. అది బిగించిన రోజంతా వాళ్ళు మాట్లాడుకున్నవి "పట్టు", "వదులు" అన్న రెండు మాటలే. బ్రేకు ప్యాడ్లు మార్చారు. టైర్లు మెత్తని రబ్బరువి వేశారు. స్ప్రింగుల దగ్గర పని ఆగింది.

"గట్టివి వెయ్యాలి. శంకువుల మధ్య బండి ఊగితే సమయం పోద్ది" అంది భ్రమరాంబ.

"అవేసుకుని నూజివీడు రోడ్డెక్కితే నా వెన్నుపూసలు ఏరుకోవాలి."

"బండి నూజివీడు వెళ్తుందని ఎవరు చెప్పారో."

"నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అమ్మాయ్. ఈ షెడ్డులో మీ అన్న తర్వాత బండి నడపడం వచ్చింది నాకే."

"ఇంట్లో కూర నడపడం కూడా వచ్చుంటే అన్నయ్య ఇంకో నాలుగేళ్ళు బతికేవాడు."

హైమవతి ఆ మాట విని పానా కింద పెట్టింది. చేతులు గుడ్డకు తుడుచుకుంది. పట్టీలేని చోట కూడా ఆమెకు కోపాన్ని లోపలే ఆర్పేయడం అలవాటు. మళ్ళీ పానా అందుకుని, "మీట తిప్పితే గట్టిపడే షాకబ్జర్లు దొరుకుతాయి. వీధికి నాలుగు మెట్లు, మైదానానికి పన్నెండు. అవి వేద్దాం" అంది. అవే వేశారు. వీధి తనిఖీలో బండి ఒక్క తప్పూ లేకుండా నెగ్గింది.

శంకుపరుగు నున్న ఊరి దగ్గర వాడకంలో లేని మామిడి యార్డులో పెట్టారు. సిమెంటు నేల మీద వంకరటింకరగా ఎర్ర శంకువులు నిలబెట్టారు. వాటి మధ్య నుంచి ఒక బండి ఒంటరిగా దూసుకుపోవాలి. శంకువు పడితే రెండు సెకన్లు కలుపుతారు. పాతబండ్ల పరుగుకు ఇంకో నియమం ఉంది. పక్క సీటులో సాక్షి కూర్చోవాలి. సాక్షి బండిని తాకకూడదు, ఏమైనా మాట్లాడవచ్చు. ఎవరెంత రెచ్చగొట్టినా పచ్చదీపం నిలుపుకున్నవాడే రోడ్డుకు తగినవాడని ఆ నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం. అందుకే ఎప్పుడూ ప్రత్యర్థే సాక్షిగా కూర్చుంటాడు.

మొదటి పరుగు భ్రమరాంబది. పరదేశయ్య జెండా దించాడు. టర్బో ఈల అందుకుంది. మొదటి మలుపులోనే హైమవతి మొదలుపెట్టింది.

"నిన్ను మూడుసార్లు చూసి వెళ్ళారే పెళ్ళివాళ్ళు. ఎందుకు మళ్ళీ రాలేదో మీ అన్న నీకు చెప్పలేదు."

భ్రమరాంబ రెండో గేరు వేసింది.

"అమ్మాయి మొహం కంటే ఇంజను మొహమే నయమన్నారంట. నవ్వుకున్నాం మేం."

పచ్చ. అలాంటివి ఆమె చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. కాని వెనక్కి తిరిగే పెద్ద మలుపులో వెనక టైరు ఒక శంకువును పడగొట్టింది. యాభై ఒకటిన్నర సెకన్లు, దానికి రెండు కలిపితే యాభై మూడున్నర.

ఇద్దరూ సీట్లు మారారు.

హైమవతి బండి కదిలించిన తీరులోనే భ్రమరాంబకు తేడా తెలిసింది. తను బండిని శంకువుల మధ్య నుంచి లాక్కుపోయింది. వదిన చేతుల్లో అది తనంతట తనే వంగుతోంది. సగం దూరానికే సెకను పైన ముందుంది.

"పిల్లల్ని కనలేని చేతులకి స్టీరింగన్నా దొరికింది" అంది భ్రమరాంబ.

పచ్చ.

"పుట్టింట్లో కూడా మీకు అన్నం పెట్టేది చూరు కిందేనంటగా."

"ఇంకా" అంది హైమవతి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇంకేమీ లేవు. మూడు నెలలు దాచుకున్న తిట్లన్నీ అయిపోయాయి. ముందు ఏడు శంకువుల వరస, పెద్ద మలుపు మిగిలాయి. ఇరవై సెకన్లలో బండి పోతుంది. ఆ మాట ఒక్కటే భ్రమరాంబ బుర్రలో తిరిగింది. అప్పుడు ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది తీసింది.

త్రినాథ్ ఆఖరి మధ్యాహ్నం హైమవతి మందుల కోసం కిందికి వెళ్ళింది. మంచం పక్కన చెల్లెలు ఒక్కతే ఉంది. అతను ఒక మాట చెప్పి, వదినకు చెప్పమన్నాడు. ఆమె పైకి వచ్చేసరికి అతనికి స్పృహ లేదు, మళ్ళీ రాలేదు. మర్నాడు చుట్టాల ముందు హైమవతి, "నువ్వు దగ్గరున్నావనేగా నేను కిందికెళ్ళింది, నన్నెందుకు పిలవలేదు" అంది. ఆ మాటకు శిక్షగా భ్రమరాంబ అన్న చెప్పింది చెప్పకుండా ఉంచుకుంది. పదకొండు నెలలు ఉంచుకుంది.

"వదినా" అంది ఇప్పుడు. గొంతులో ఎకసెక్కం లేదు. "అన్నయ్య నీకో మాట చెప్పమన్నాడు. పందేలు గెలిచింది నేను కాదురా, మీ వదిన అన్నాడు. టర్బో ఈల ఎక్కడ తప్పుతోందో ఆమె చెవికే తెలిసేది, ఆమె చెప్పిన చోట నేను కాలు పెట్టేవాణ్ణి, అంతే అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆమెతో ఈ ముక్క అనలేదు, నువ్వు చెప్పు అన్నాడు."

హైమవతి నోరు కొద్దిగా తెరుచుకుంది. వేళ్ళు స్టీరింగును పట్టుకున్న తీరు మారింది, పడిపోకుండా గోడ పట్టుకున్నట్టు. దీపం పసుపై, ఒక్క క్షణం ఆగి, ఎర్రబడింది. దుఃఖానికీ కోపానికీ చెమట ఒకటే, నాడి ఒకటే. పట్టీకి వాటి మధ్య తేడా ఎవరూ నేర్పలేదు. టర్బో పక్కనున్న గాలిద్వారం బుస్సుమని తెరుచుకుంది. ఊదిన గాలంతా బయటికి పోయింది. బండి ఎత్తు ఎక్కుతున్న ముసలి లారీలా మిగతా దూరం పాకింది. హైమవతి ఒక్క శంకువునూ తాకలేదు. యాభై తొమ్మిది సెకన్లు.

యార్డు గట్టు మీద కూర్చున్నవాళ్ళకు సాక్షి మాటలు మైకులో వినబడతాయి. ఇన్నేళ్ళలో తిట్లకు ఎర్రబడిన దీపాన్ని వాళ్ళు చూశారు. మంచిమాటకు ఎర్రబడింది ఇదే మొదలు. ఆ వెనక వచ్చిన పందేల్లో సాక్షులు తిట్టడం మానేసి ఎదుటివాళ్ళ తల్లుల గురించి, పోయిన పిల్లల గురించి మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టారు. నెమ్మదిగా అది యార్డుల బయటికీ వచ్చింది. కొన్నాళ్ళకు ఆ ఊళ్ళో ఎవరైనా బాగున్నావని అంటే, విన్నవాళ్ళు ముందు తమ చేతులు దేనిమీద ఉన్నాయో చూసుకునేవాళ్ళు.

పరదేశయ్య కాగితం మీద భ్రమరాంబ పేరు రాశాడు. "రూలు ప్రకారం తప్పేం లేదమ్మా" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

హైమవతి చెట్టు కింద కూర్చుని సంచిలోకి చేతితొడుగులు సర్దుకుంటోంది. భ్రమరాంబ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"వదినా, అది నిజం. అన్నయ్య నిజంగా అన్నాడు."

"బాగా చెప్పావు" అంది హైమవతి. "గొంతు కూడా కుదిరింది. ఎన్నాళ్ళు సాధన చేశావు?"

"సాధనేంటి, ఒట్టు."

"పందెం అయిపోయింది కదే. ఇంకా ఎందుకు శ్రమ."

"అంత అబద్ధం కల్పించడం నాకు వచ్చా?"

"మూడు నెలల నుంచి నీ నోరు వింటున్నాను. నీకు ఏది రాదో నేను చెప్పలేను." ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండా, "ఇంటర్‌కూలర్ గొట్టం కట్టు వదులైంది. ఆఖరి మలుపులో వినబడింది. ఇంటికెళ్ళేదాకా ఇంజనును మూడు వేల చుట్లు దాటించకు" అంది. బస్సు ఆగే చోటికి నడిచి వెళ్ళిపోయింది.

భ్రమరాంబ బానెట్ ఎత్తింది. గొట్టాన్ని పట్టుకుని ఊపింది. చెవి పెట్టి వింది. తేడా ఏమీ తెలియలేదు. బాగా ఉన్న కట్టును వదులైందని చెప్పి, గెలిచిన బండిని ఊరందరి ముందూ నత్తలా నడిపించాలని వదిన ఎత్తు వేసి ఉండాలి. లేదా ఊరికే భయపెట్టడానికి అంది. లేదా నిజంగానే చెప్పింది. మూడింట్లో ఏదో తేల్చుకునే దారి ఆమెకు కనబడలేదు. బానెట్ వేసి, హైవే ఎక్కి, యాక్సిలరేటరును నేలకానేదాకా తొక్కింది.

నాలుగు వేల చుట్లు దాటాక పెద్ద చప్పుడుతో గొట్టం ఊడిపోయింది. ఇంజను దగ్గి ఆగింది. బండి రోడ్డు పక్క దుమ్ములోకి జారి నిలబడింది.

ఆమె దిగి గొట్టం మళ్ళీ ఎక్కించింది. కట్టు బిగించింది. తర్వాత ఫోను తీసి, 'నువ్వు చెప్పింది నిజమే వదినా, నీ చెవి' అని రాసింది. వేలు అక్కడే ఆగిపోయింది.

ఈ మాట అందుకుని హైమవతి ఏమనుకుంటుందో ఆమెకు తెలుసు. మెచ్చుకుంటోందంటే ఇప్పుడు నా నుంచి కొత్తగా ఏం కావాలో అనుకుంటుంది. ఆ చోట తనున్నా అదే అనుకునేది.

రాసినదంతా చెరిపేసి, 'గొట్టం ఊడింది. నీ పనితనం' అని రాసి పంపింది.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'నీ మొహం' అని ఉంది. ఆ మాటను మాత్రం భ్రమరాంబ పూర్తిగా నమ్మగలిగింది.