రష్యన్ నేర్చినవాడి నేరం

డిటెక్టివ్ కుర్చీ చూపించినా పర్వీన్ కూర్చోలేదు. కడప నుంచి వచ్చి దుబాయ్‌లో బట్టలు కుట్టుకు బతుకుతున్న మనిషి.

"మా తమ్ముడు ముబారక్ దొంగ కాదు సార్. వాడు పనిచేసే బొచ్చుకోట్ల అంగట్లో ఒక కోటు పోయిందంట. సాయంత్రానికి వాణ్ని పోలీసులకు ఒప్పజెప్తారంట. పాస్‌పోర్టు గూడా వాళ్ల దగ్గరే ఉండాది."

డిటెక్టివ్ భీమరాజు వెంటనే లేచాడు. అసిస్టెంటు దేవేందర్ వెనకే నడిచాడు.

అది 2005 ఆగస్టు. దుబాయ్‌లోని దేరా బజారులో ఆ అంగడి వెనక సందులో తెల్లకారు ఒకటి ఎండలో నిలబడి ఉంది.

"లోపల మనిషి లేడు, ఇంజను నడుస్తనే ఉంది సార్. సీట్లకు ఏసీ వేస్తున్నడా ఏంది?" అన్నాడు దేవేందర్.

భీమరాజు కారు నంబరు రాసుకున్నాడు.

లోపల వణికించే చల్లదనం. "వేడి తగిలితే బొచ్చు పాడైపోద్ది. ఏసీ ఎప్పుడూ ఆపం," అన్నాడు ముదీర్ ఇమామ్ హుస్సేన్. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు, అంగడి బాధ్యతంతా ఆయనదే.

సూపర్‌వైజర్ షాహబాజ్ హైదరాబాదువాడు. "మెట్ల మీదికెల్లి నా చెవులతో విన్న సాబ్. వెనక తలుపు తీసి ఉందా అని కూతురితోని వచ్చిన ఆ రష్యా ముసలామె అడిగింది, ఉందని ముబారక్ చెప్పిండు. అంతా రష్యన్‌లనే. నాకొస్తది ఆ భాష."

"అడిగింది కూతురు కాదూ?" అన్నాడు భీమరాజు.

"ముసలామెనే!"

సామాన్ల గదిలో ముబారక్ తల వంచుకుని కూర్చున్నాడు. రష్యన్ వాడికి ఎవరూ నేర్పలేదు, కొనేవాళ్లతో మాట్లాడుతూ నేర్చుకున్నాడు. "వాళ్ల భాష రావడమే వీడి కొంప ముంచింది," అన్నాడు ముదీర్. దేవేందర్‌కు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఆ భాషతోనే కదా ఈయన కోట్లు అమ్ముకున్నాడు!

వాళ్లు దిగిన హోటల్లోనే ఆ తల్లీకూతుళ్లు దొరికారు. భీమరాజు తనకొచ్చిన ఒక్క రష్యన్ పలకరింపూ పలికాడు. తల్లి అర్థంకాక కూతురి వైపు చూసింది. కూతురు గుల్నారా వేరే భాషలో చెప్పాక నవ్వింది.

"మేం రష్యావాళ్లం కాదు," అంది గుల్నారా ఇంగ్లీషులో. "మాది బిష్కెక్, కిర్గిజ్‌స్తాన్ రాజధాని. ఆఫీసులో, బజారులో నేను రష్యన్ మాట్లాడతాను. గుమ్మం దాటి ఇంట్లోకొస్తే కిర్గిజే. అమ్మ కొండల్లో పుట్టింది, ఆమెకు ఇంకో భాష రాదు."

సాయంత్రం అందరినీ అంగట్లో కూర్చోబెట్టాడు భీమరాజు. తల్లీకూతుళ్లూ వచ్చారు.

"షాహబాజ్, ఈ పెద్దావిడకి రష్యన్ రాదయ్యా. అటునుంచి ఎవరొచ్చినా రష్యావాళ్లేనని మీ అంగట్లో అలవాటు. ఆ అలవాటుతోనే ఈవిడ నోట్లో రాని భాష పెట్టేశావు. అబద్ధం ఎందుకు కావలసొచ్చింది? కోటు తీసింది నువ్వు గనక. ఎండలో పాడైతే కొనేవాడుండడు. సందులో తెల్లకారు నంబరు నీదేనని విచారించాను, అందుకే దాని ఏసీ ఆపలేదు నువ్వు. తలుపు తియ్యి."

షాహబాజ్ కదల్లేదు. దేవేందరే వాడి జేబులోంచి కారు రెండో తాళంచెవి లాగి సందులోకి పరుగెత్తాడు. వెనక సీటు మీద, దుప్పటి కింద, కోటు చల్లగా ఉంది.

"ఖలాస్," అన్నాడు ముదీర్ చేతులు దులుపుకుంటూ. "ముబారక్, యల్లా, తొందరగా పనిలోకి పో."

భీమరాజు గొంతు పెరగలేదు, ముఖం మాత్రం ఎర్రబడింది. "ముందు తప్పయిందని చెప్పండి వాడికి. మీకొచ్చిన ఏ భాషలోనైనా సరే."

ముదీర్ తెలుగు, ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు మాట్లాడగలడు. అయినా బల్ల మీది బిల్లులు సర్దడం మొదలుపెట్టాడు.

ముబారక్ ఆయన ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "నా పాస్‌పోర్టు ఇయ్యండి సార్," అన్నాడు తెలుగులో.