వాసన పోయిన మైనం బిళ్ల

ముక్కు దిబ్బడేసి ఆవిరి పట్టుకుంటున్న డిటెక్టివ్ దగ్గరికి, వాసన పోయిందంటూ ఓ మనిషి వచ్చింది. ఏం చోద్యమో, ఆయనకి కేసులన్నీ ఇలాగే తగులుతాయి. శిష్యుడు నవ్వు ఆపుకుంటూ కుర్చీ జరిపాడు గానీ, ఆవిడ మొదటి మాటకే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

"మా అక్క పోయి ఏడాది కాలేదండీ. ఒత్తి లేని కొవ్వొత్తులు చేసే షాపు తనదే, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను."

"ఒత్తి లేకపోతే కొవ్వొత్తెలా అవుతుందండీ?" అన్నాడు శిష్యుడు.

"పామాయిల్ మైనంతో వాసన బిళ్లలు పోస్తాం. కింద బల్బు వెలిగే చిన్న గిన్నెలో పెడితే కరిగి గదంతా వాసనొస్తుంది. అక్క కలిపే వాసన ఒకటుంది, జనం దాని కోసమే వచ్చేవాళ్లు. అందులో ఏది ఎంత కలపాలో ఎవరికీ చెప్పకుండానే పోయింది. తన చేతి బిళ్ల ఒక్కటే మిగిలితే మూత డబ్బాలో పెట్టి అద్దాల బీరువాలో దాచాను. రేపు అత్తర్లు కలిపే ఆయన వస్తున్నాడు. ఆ బిళ్ల వాసన చూసి అలాంటిదే చేసిస్తానన్నాడు. ఇవాళ తీసి చూస్తే వాసనే లేదు. ఎవరో మార్చేశారు. అది దొరక్కపోతే షాపు మూసుకోవడమే."

"బీరువా తాళం?"

"నా దగ్గరొకటి, బావ దగ్గరొకటి. బీరువా తుడవడానికి, మా దగ్గర మైనం పోత పోసే ఆవిడకి నాది ఇస్తుంటాను. ఆవిడ ఏప్రానంతా అక్క కలిపే వాసనే. అందుకే పొద్దున అందరి ముందూ ఆవిడ సంచీ విప్పించాను. ఏమీ దొరకలేదు."

"విప్పించేశారా," అన్నాడు డిటెక్టివ్, నొచ్చుకున్నట్టు.

ఆవిడ వెంట వెళ్లి చూస్తే, షాపు వెనక గదిలో పొయ్యి మీద స్టీలు జగ్గులు, పక్కన అన్నం డబ్బాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్. బల్ల మీద ఆరిన బిళ్లల నిండా ఈకలు పరిచినట్టు తెల్లటి గీతలు. బావగారు ఓ మూల స్టూలు మీద తలొంచుకుని కూర్చున్నాడు. సరుకు షాపులకి చేరవేయడం ఆయన పని, ఉండటం మేడ మీద గదిలో. డిటెక్టివ్ బావామరదళ్లిద్దర్నీ బయటికి పంపి, అచ్చుల దగ్గరున్న పోత పోసే ఆవిడతో మాట కలిపాడు.

"ఆ అచ్చుల మీద దుప్పటెందుకమ్మా?"

"మెల్లగా చల్లారాలండీ. అప్పుడే ఈ ఈకలు పడతాయి. తొందరపడితే ఉత్త నున్నగా వస్తుంది."

"ఏప్రాన్‌కి ఆ వాసనేమిటి?"

"ఇది అక్కగారిదేనండీ. చివరిసారి కలిపేటప్పుడు సీసా ఒలికి దీనంతా పడింది. ఆవిడ పోయాక నేను తెచ్చుకున్నా. ఉతకబుద్ధి కాలేదు."

"మరి ఆ మాట చెప్పలేదే?"

"సంచీ విప్పమన్నారు గానీ, నన్నేమీ అడగలేదండీ."

డిటెక్టివ్ బీరువాలోని డబ్బా తెరిచి, బిళ్ల తీసి అటూ ఇటూ తిప్పాడు. రెండువైపులా నున్నగా ఉంది. అడుగున చివర చిరిగిన పసుపు పూరేకు ఒకటుంది. తన ముక్కు పని చేయదు కాబట్టి శిష్యుడి ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏమీ రావట్లేదు గురువుగారూ."

చెల్లెల్ని పిలిచి అడిగితే, ఆ చిరిగిన రేకు అక్క వేసిందేనని, మునుపు పైవైపునే కనిపించేదని చెప్పింది. అక్క తను పోసిన ప్రతి బిళ్ల వెనకా బొటనవేలు నొక్కేదట. ఇప్పుడా గుర్తు లేదు.

సాయంత్రం డిటెక్టివ్ ముగ్గుర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

"ఇక్కడ దొంగెవరూ లేరు. ఇది ఆ బిళ్లే. రేకు అదే, మైనమూ అదే. ఒత్తి ఉంటే మైనం కాలి అయిపోయేది. ఇది ఒత్తి లేనిది, ఎన్నిసార్లు కరిగించినా మైనం అంతే ఉంటుంది, వాసన మాత్రం అయిపోతుంది. ఎవరో దీన్ని రోజూ కరిగించుకున్నారు. వాసన ఆగిపోయాక, కంగారులో మళ్లీ అచ్చులో పోసి ఫ్రిజ్‌లో పెట్టేశారు. అందుకే ఈకలు లేవు. పోత పోసే ఆవిడైతే ఫ్రిజ్ జోలికే పోదు. అమ్ముకునేవాళ్లయితే తిరిగి తెచ్చి పెట్టరు. ఇక మిగిలింది రెండో తాళం."

బావగారు జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"పడుకునే ముందు కాసేపు పెట్టుకునేవాణ్ణి," అన్నాడు. "తను పక్కనున్నట్టే ఉండేది. అమ్మడమే గానీ ఏనాడూ ఇంట్లో వాడి చూడలేదు. మైనం తరగట్లేదు కదా, వాసనా తరగదనుకున్నాను. తన వేలి గుర్తు కూడా నేనే కరిగించుకున్నాను."

"అడిగితే ఇచ్చేదాన్ని కదా బావా."

"ఇస్తావని తెలుసమ్మా. ఈ వయసులో అడగడానికి సిగ్గేసింది. పొద్దున ఆవిడ సంచీ విప్పుతుంటే కూడా నోరు పెగల్లేదు."

పోత పోసే ఆవిడ ఆయన వంక చూసి తల తిప్పుకుంది. డిటెక్టివ్ ఏప్రాన్ సంగతి చెప్పాడు. మిగిలిన వాసనంతా దాన్లోనే ఉందన్నాడు. చెల్లెలు లేచి నిలబడింది గానీ, ఆ మనిషిని ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక అలాగే ఉండిపోయింది.

ఆవిడే ముడి విప్పి, మడతపెట్టి, ఏప్రాన్ బల్ల మీద పెట్టింది.

"రేపు వచ్చే అత్తర్లాయనకి చూపించండి. షాపు నిలబడాలి, అక్కగారు కష్టపడి పెట్టుకున్నది."

"తప్పయిపోయింది. రేపు మీరు కూడా..."

"నేను రానమ్మా," అంది ఆవిడ, కోపం లేకుండానే. సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది.

శిష్యుడు గురువుగారి వైపు చూశాడు. ఎప్పుడూ కేసు తేలాక టీ అడిగే మనిషి, ఇవాళ నేల చూపులు చూస్తున్నాడు.

బావగారు లేచి, బల్ల మీది ఏప్రాన్ వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. గుమ్మంలో ఉన్న ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, ఒక్కసారి వాసన చూడొచ్చా?" అని అడిగాడు.